ఏ ఇంజన్ మంచిది? బొగ్గు బండ్ల దగ్గర ఒక లెక్క

సాహితీ క్లబ్ పత్రికలో డీజిల్ ఇంజన్ మీద వ్యాసం ఏంటి అని అడిగేవాళ్లకు ముందే ఒక మాట. మాది గోదావరిఖని. మా దగ్గర ఇంజన్ అంటే సిలబస్‌లో ఒక యూనిట్ కాదు. దాని మీద ఇంటి ఈఎంఐ నడుస్తుంది, పిల్లల ఫీజు నడుస్తుంది. మెకానికల్ చదివే పిల్లగాడు ఇంటికి వచ్చిండని తెలిస్తే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకరు వచ్చి "ఏ ఇంజన్ మంచిదిరా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మనం క్లాసులో రాసుకున్న ఫార్ములాలే సరిపోతాయి. కాకపోతే వాటిని ఎక్కడ వాడాలో తెలియాలి. ఈ వ్యాసం అందుకోసమే.

ముందే చెప్పేస్తున్నాను: "ఏ ఇంజన్ మంచిది" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "ఈ పనికి ఏ ఇంజన్ సరిపోతుంది" అన్న ప్రశ్నకు ఉంది. రెండింటి మధ్య తేడా మాటల్లో చిన్నదే, నెల తిరిగేసరికి డీజిల్ బిల్లులో మాత్రం పెద్దగా కనబడుతుంది.

ఒకే నేల, మూడు రకాల బండ్లు

రామగుండం ఏరియాలో ఓపెన్ కాస్ట్ గనుల పక్కన కాసేపు నిలబడితే భారీ డీజిల్ ఇంజన్లలో మూడు తరగతులు కళ్లముందే కనబడతాయి.

మొదటిది సింగరేణి సొంత డంపర్లు. 35, 60, 100 టన్నుల తరగతులవి. ఇవి ఎప్పుడూ హైవే ఎక్కవు. పుట్టిన దగ్గర్నించి స్క్రాప్‌కు పోయేదాకా గనిలోనే తిరుగుతాయి.

రెండోది కాంట్రాక్టు సంస్థల టిప్పర్లు. బొగ్గు పైనున్న మట్టీ రాయీ తీసి డంప్ యార్డులో పోసే పని వీటిది. మా దగ్గర దాన్ని ఓబీ పని అంటారు, ఓవర్ బర్డెన్‌కు పొట్టిపేరు. వోల్వో, స్కానియా లాంటి బండ్లు ఇక్కడ కనబడతాయి.

మూడోది రోడ్డు మీద పోయే లారీలు, ట్రైలర్లు. గనిలోంచి బొగ్గు ఎత్తుకొని సిమెంటు ఫ్యాక్టరీలకో, చిన్న పరిశ్రమలకో పోతాయి. కొన్ని రాజీవ్ రహదారి పట్టుకొని కరీంనగర్ మీదుగా హైదరాబాద్ వైపు దిగుతాయి. టాటా, అశోక్ లేలాండ్, భారత్‌బెంజ్, ఐషర్ అన్నీ ఇక్కడ ఉంటాయి.

ఇక్కడో విషయం మరిచిపోవద్దు. 2600 మెగావాట్ల ఎన్టీపీసీ రామగుండం స్టేషన్‌కు బొగ్గు ప్రధానంగా పోయేది లారీల్లో కాదు, మెర్రీ గో రౌండ్ రైలు మీద. గని నుంచి స్టేషన్‌కు, మళ్లీ గనికి, అదే పట్టాల మీద చుట్టు తిరుగుతుంది. రోజూ అంతంత బరువు ఒకే దారిలో పోవాలంటే రైలును మించింది లేదు. లారీ బతికేది రైలు పోలేని చోట. ఎవరికి ఎప్పుడు ఎంత కావాలో రోజురోజుకూ మారే చోట. కాబట్టి లారీ ఇంజన్‌కు ఒకే రకం పని ఉండదు. దాన్ని ఎంచుకోవడంలో కష్టమంతా అక్కడే ఉంది.

తట్ట లెక్క

టార్క్, హార్స్ పవర్ తేడా మనలో చాలామందికి పరీక్షలో వస్తుంది, బండి దగ్గర రాదు. నేను దీన్ని మా తాత పనితో గుర్తుపెట్టుకున్నాను. ఆయన బాయిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టుకొని బొగ్గు టబ్బులకు నింపిన తరం.

ఒక మనిషి ఒక్కసారికి ఎంత బరువు తట్ట ఎత్తగలడు? అది టార్క్. నిమిషానికి ఎన్ని తట్టలు వేయగలడు? అది ఆర్పీఎం. షిఫ్ట్ అయ్యేలోపు ఎంత వేగంగా టబ్బు నిండింది? అది పవర్. చిన్న తట్టతో గబగబా వేసేవాడూ, పెద్ద తట్టతో నింపాదిగా వేసేవాడూ ఒకే టైముకు టబ్బు నింపవచ్చు. ఇద్దరి పవర్ ఒకటే. సాయంత్రానికి నడుము పరిస్థితి మాత్రం ఒకటి కాదు.

మా దగ్గర డ్రైవర్లు టార్క్ అనరు, "లాగుడు" అంటారు. బండి లాగుతది, లాగుతలేదు. పుస్తకంలో దొరికే ఏ అనువాదం కన్నా ఈ మాటే నాకు సరిగ్గా అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో దాన్నే వాడుకుంటున్నాను.

లెక్క ఇది: న్యూటన్ మీటర్లలో లాగుడును ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 1100 న్యూటన్ మీటర్ల ఇంజన్ 1200 ఆర్పీఎం దగ్గర ఇచ్చేది 138 కిలోవాట్లు, అంటే సుమారు 185 హెచ్‌పీ. బ్రోచర్‌లో 300 హెచ్‌పీ అని ఉన్న బండి కూడా 1200 దగ్గర ఇచ్చేది అంతే. ఆ 300 కావాలంటే ఇంజన్‌ను 2300 దాకా తిప్పాలి. డీజిల్ పొదుపు చేసే ఏ డ్రైవరూ రోజంతా అక్కడ తిప్పడు. మామూలుగా బండి నడిచేది 1200 నుంచి 1600 మధ్యలో. కాబట్టి బ్రోచర్‌లో పెద్ద అక్షరాల్లో ఉన్న హెచ్‌పీ కన్నా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న "ఇన్ని న్యూటన్ మీటర్లు, ఇంత నుంచి ఇంత ఆర్పీఎం దాకా" అన్న వాక్యమే డ్రైవర్‌కు ఎక్కువ పనికొస్తుంది.

బండి పేరే సగం చెబుతుంది

మన దేశంలో చాలా లారీల పేర్లు ఊరికే పెట్టిన అంకెలు కావు. మొదటి రెండు అంకెలు సరుకుతో కలిపి మొత్తం బరువు, టన్నుల్లో. తర్వాతి రెండు అంకెల్ని పదితో గుణిస్తే హెచ్‌పీ. పాత టాటా 2518 అంటే 25 టన్నులు, 180 హెచ్‌పీ. 4825 అంటే సుమారు 48 టన్నులు, 250 హెచ్‌పీ. 5530 అంటే 55 టన్నులు, 300 హెచ్‌పీ. 2018లో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. అప్పటిదాకా 49 టన్నులున్న పెద్ద ట్రైలర్లు 55కు చేరాయి. పాత పేర్లు పోయి ఈ కొత్త అంకెలు వచ్చింది అందుకే.

ఇప్పుడు నాలుగు ఇంజన్లు పక్కపక్కన పెట్టి చూద్దాం.

టాటా సిగ్నా 5530: కమిన్స్ 6.7 లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు, 300 హెచ్‌పీ, 1100 న్యూటన్ మీటర్లు. టాటా, కమిన్స్ 1993లో కలిసి పెట్టిన సంస్థ టాటా కమిన్స్. జంషెడ్‌పూర్‌లో ఈ కుటుంబం ఇంజన్లు తయారవుతాయి.

భారత్‌బెంజ్ 5528: 7.2 లీటర్లు, ఆరు సిలిండర్లు, 280 హెచ్‌పీ, 1100 న్యూటన్ మీటర్లు. జర్మనీ డైమ్లర్ వాళ్ల ఓఎం 926 ఇంజన్. బండి తయారయ్యేది చెన్నై దగ్గర ఒరగడంలో.

అశోక్ లేలాండ్ 5525: ఆరు లీటర్ల లోపు ఇంజన్, 250 హెచ్‌పీ, 900 న్యూటన్ మీటర్లు.

వోల్వో ఎఫ్‌ఎంఎక్స్ 460: డి13 ఇంజన్, 12.8 లీటర్లు, ఆరు సిలిండర్లు, 460 హెచ్‌పీ, 2300 న్యూటన్ మీటర్లు. ఇది గని టిప్పర్. పై మూడింటితో పోటీకి కాదు, తేడా చూడటానికి పెట్టాను.

కమిన్స్, బెంజ్ రెండింటి లాగుడు ఒక్కటే, 1100. కమిన్స్‌కు హెచ్‌పీ 20 ఎక్కువ, బెంజ్‌కు అర లీటరు ఎక్కువ. అంటే ఒకే తట్టను ఒకడు కొంచెం చిన్న శరీరంతో మోస్తున్నాడు, ఒకడు కొంచెం పెద్ద శరీరంతో. మూడు రోడ్డు బండ్ల మధ్య తేడా ఇంతే. టీ కొట్టు దగ్గర ఈ మూడు కంపెనీల అభిమానులు గంటలకొద్దీ కొట్లాడుకుంటారు గానీ, కాగితం మీద పెడితే ఇవి ఒకే వీధిలో ఉండే మనుషులు.

55 టన్నులకు 300 చాలుతయా?

యూరప్‌లో 40 టన్నుల ట్రక్కుకు 460 నుంచి 500 హెచ్‌పీ ఇంజన్ మామూలు సంగతి. అమెరికాలో సాధారణ పరిమితి 36 టన్నుల చిల్లర, అక్కడ 13 నుంచి 15 లీటర్ల ఇంజన్లు వాడతారు. మనం 55 టన్నులకు 6.7 లీటర్ల ఇంజన్ పెడుతున్నాం. టన్నుకు చూస్తే యూరప్‌లో 11.5 హెచ్‌పీ, మన దగ్గర 5.5. ఈ అంకె చూడగానే "మన కంపెనీలు మోసం చేస్తున్నాయి" అనే వీడియోలు గుర్తొస్తాయి. ఆ మాట నమ్మే ముందు లెక్క వేద్దాం.

చదును రోడ్డు, 55 టన్నులు, గంటకు 60 కి.మీ. మంచి తారు రోడ్డు మీద టైర్ల నిరోధం బరువులో 0.7 శాతం అనుకుంటే సుమారు 3800 న్యూటన్లు. గాలి నిరోధం ఇంకో వెయ్యి. మొత్తం 4800. దీన్ని వేగంతో గుణిస్తే 80 కిలోవాట్లు, అంటే 110 హెచ్‌పీ కూడా కాదు. గేరుబాక్సు, యాక్సిల్ నష్టాలు కలిపినా 125 లోపే. 300లో సగం కూడా వాడటం లేదు!

ఇప్పుడు అదే బండిని 3 శాతం ఎత్తు ఎక్కిద్దాం, అంటే వంద మీటర్లకు మూడు మీటర్లు. కావలసిన బలం ఒక్కసారిగా 20,000 న్యూటన్లు దాటుతుంది. మొత్తం 300 హెచ్‌పీ వాడినా బండి గంటకు 34 కి.మీ. దగ్గర ఆగిపోతుంది. అదే ఎత్తు మీద యూరప్ 40 టన్నుల బండి 65కు పైగా పోతుంది.

కాబట్టి జవాబు రోడ్డులో ఉంది. మా ఖని నుంచి హైదరాబాద్ దాకా సుమారు 225 కి.మీ. దారిలో పెద్ద ఘాట్లేమీ లేవు. అక్కడ 460 హెచ్‌పీ పెట్టడమంటే పెళ్లికి పది మంది వస్తే వంద మందికి వండినట్టు. పెద్ద ఇంజన్ ఎప్పుడూ సగం ఖాళీగా తిరుగుతుంది. దాని బరువు, దాని ధర, దాని రాపిడి నష్టం మాత్రం రోజూ మన ఖాతాలోనే పడతాయి. యూరప్‌లో ఆల్ప్స్ కొండలున్నాయి, డ్రైవర్ జీతం ఎక్కువ, గంట ఆలస్యమైతే నష్టం ఎక్కువ. అందుకే వాళ్లు వేగానికి డబ్బు పెడతారు. మనం సరుకు బరువుకు డబ్బు పెడతాం. రెండూ తెలివైన లెక్కలే. లెక్కలో అంకెలు వేరు.

డంపర్ ఎందుకు నింపాదిగా ఉంటుంది

ఇప్పుడు గనిలోకి దిగుదాం. 100 టన్నుల తరగతికి ఉదాహరణగా క్యాటర్‌పిల్లర్ 777డి తీసుకుంటాను. ఇంజన్ 3508బి, వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, 34.5 లీటర్లు, సుమారు 1000 హెచ్‌పీ. లోడుతో మొత్తం బరువు 163 టన్నులు. టన్నుకు 6 హెచ్‌పీ చిల్లర. మన 55 టన్నుల లారీకీ దీనికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు! బయటి నుంచి చూస్తే ఏనుగు, మేక లాగా కనబడే ఈ రెండూ టన్ను లెక్కలో అన్నదమ్ములు.

తేడా పనిలో ఉంది. గని హాల్ రోడ్డు వాలు మామూలుగా 16లో 1 మించకూడదన్నది బొగ్గు గనుల నిబంధన. అంటే 6.25 శాతం. మట్టి రోడ్డు కాబట్టి టైర్ల నిరోధం ఇంకో 3 శాతం వేసుకుందాం. 163 టన్నుల బండి ఇది ఎక్కాలంటే 1,48,000 న్యూటన్లు కావాలి. చక్రాల దగ్గరికి చేరేది 600 కిలోవాట్లు అనుకుంటే వేగం గంటకు 14, 15 కి.మీ. మనిషి సైకిల్ తొక్కే వేగం. లారీ తన పూర్తి బలం అప్పుడప్పుడూ వాడుతుంది. డంపర్ ప్రతి ట్రిప్పులో, లోడుతో ఎక్కినంతసేపూ, పూర్తి బలం వాడుతుంది. అలా రోజుకు మూడు షిఫ్టులు.

అందుకే ఇక్కడ ఇంకో కొలత చూడాలి. లీటరుకు ఎన్ని హెచ్‌పీ పిండుతున్నాం? కమిన్స్ 6.7 నుంచి లీటరుకు 45. బెంజ్ నుంచి 39. వోల్వో డి13 నుంచి 36. డంపర్ నుంచి 29 మాత్రమే. పని కష్టమయ్యేకొద్దీ ఇంజన్‌ను తక్కువ పిండుతున్నారు. చూడటానికి తలకిందులుగా ఉంది గానీ కారణం సూటిగానే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పరుగెత్తేవాడు గట్టిగా పరుగెత్తవచ్చు. రోజంతా పరుగెత్తేవాడు ఊపిరి దాచుకోవాలి. తక్కువ ఆర్పీఎం, ఒక్కో సిలిండర్‌కు విడి హెడ్, మార్చుకోగల లైనర్లు... ఇవన్నీ ఇంజన్ విప్పి మళ్లీ కట్టుకొని ఏళ్ల తరబడి నడపడానికే.

కొలిచే పద్ధతి కూడా మారుతుంది. లారీకి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతాం. డంపర్‌కు గంటకు ఎన్ని లీటర్లు అని అడుగుతాం. దాని వయసు కిలోమీటర్లలో చెప్పరు, గంటల్లో చెబుతారు. మా ఏరియాలో ఈపీ ఆపరేటర్లు మాట్లాడుకునేటప్పుడు "ఆ బండికి ఇన్ని వేల గంటలైనయి" అంటారు. మనిషి అనుభవం చెప్పినట్టే ఉంటుంది ఆ మాట.

పొగ లెక్క, యూరియా లెక్క

రుడాల్ఫ్ డీజిల్ 1890ల్లో తన ఇంజన్‌కు పేటెంట్ తీసుకున్నప్పుడు పొడి బొగ్గును కూడా ఇంధనంగా ఊహించాడు. అది కుదరలేదు. 1897లో నడిచిన ఇంజన్ నూనెతోనే నడిచింది. ఇంధనంలోని శక్తిలో సుమారు 26 శాతాన్ని పనిగా మార్చి అప్పటి ఆవిరి ఇంజన్లను వెనక్కి నెట్టింది. నేటి పెద్ద ట్రక్కు ఇంజన్లు 45 శాతం దగ్గర ఉన్నాయి. నూటపాతికేళ్లలో ఈ ప్రయాణం ఎక్కువగా ఒక్క దిశలోనే జరిగింది: ఇంకా ఎక్కువ ఒత్తిడి, ఇంకా ఎక్కువ వేడి. అయితే సిలిండర్‌లో వేడి పెరిగితే గాలిలోని నైట్రోజన్ కూడా మండి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వేడి తగ్గిస్తే మసి పెరుగుతుంది. ఒకటి నొక్కితే ఇంకోటి లేస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 రెండింటినీ ఒకేసారి నొక్కమంది. నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ గంటకు బీఎస్-4లో 3.5 గ్రాములు. బీఎస్-6 ట్రాన్సియంట్ పరీక్షలో అది 0.46. ఇంజన్ లోపల ఎంత సర్దినా ఇది సాధ్యం కాదు కాబట్టి సైలెన్సర్ దారిలో రెండు డబ్బాలు అవసరమయ్యాయి. ఒకటి డీపీఎఫ్, మసిని పట్టి ఉంచి తర్వాత కాల్చేసే జల్లెడ. రెండోది ఎస్‌సీఆర్. ఇక్కడ డెఫ్ అనే ద్రవం చల్లితే అది వేడికి అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్, నీరుగా మార్చేస్తుంది.

డెఫ్ అంటే 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. యూరియా అనగానే మా రామగుండం వాళ్లకు నవ్వొస్తుంది. 1999లో మూతపడ్డ పాత ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచింది. అదే చోట వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021 నుంచి సహజవాయువుతో యూరియా తయారు చేస్తోంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో. "మన ఊళ్లోనే యూరియా ఉంటే డెఫ్ డబ్బా ఎందుకు కొనాలె, బస్తా తెచ్చి నీళ్లల్ల కలుపుకుంటే అయిపాయె" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. దయచేసి మీ ఊళ్లో ఎవరైనా ఇలా అంటే ఆపండి. పొలానికి వచ్చే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, ఇతర మలినాలూ ఉంటాయి. అవి డోసింగ్ ఇంజెక్టర్‌ను మూసేస్తాయి, క్యాటలిస్ట్‌ను చంపేస్తాయి. బస్తా మీద మిగిలేది వందలు, ఆ డబ్బా మార్చాలంటే పోయేది లక్షల్లో ఉండొచ్చు.

ఇక మా బొగ్గు లారీలకే ప్రత్యేకమైన కష్టం ఒకటుంది: క్యూ. లోడింగ్ పాయింట్ దగ్గర, కాంటా దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర. ఇంజన్ ఆపకుండా గంటలు గంటలు నిలబడితే పొగ చల్లగా ఉంటుంది. డీపీఎఫ్‌లో మసి తనంతట తాను కాలాలంటే పొగ వేడి సుమారు 250 నుంచి 300 డిగ్రీలు ఉండాలి. ఐడిల్‌లో అది రాదు. ఎస్‌సీఆర్ కూడా సుమారు 200 డిగ్రీల కింద సరిగ్గా పనిచేయదు. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డ్ మీద లైటు వస్తుంది, బండి బలం తగ్గించుకుంటుంది, డ్రైవర్ పక్కకు ఆపి రీజెన్ పెట్టాలి. పైగా బొగ్గు దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. గాలి తక్కువైతే మసి ఇంకా పెరుగుతుంది. హైవే మీద 500 కి.మీ. ఆగకుండా పోయే బండికి ఈ జబ్బు దాదాపు రాదు. అదే ఇంజన్, అదే కంపెనీ, అదే మోడల్. పని మారితే ఆరోగ్యం మారుతుంది.

మామ లెక్క

ఈ చదువంతా నాకు అక్కరకొచ్చింది మా మేనమామ కొత్త బండి తీసుకోవాలనుకున్నప్పుడు. పాత లారీ అమ్మేసి, ఇంటి కాగితాలు పెట్టి లోన్ తీసుకుంటున్నాడు. మనసంతా 55 టన్నుల 300 హెచ్‌పీ ట్రైలర్ మీద ఉంది. "పెద్దదైతే పెద్ద కిరాయి" అన్నది ఆయన వాదం. అత్తమ్మ మాత్రం, "ఇల్లు వోతే ట్రైలర్ల పండుకుంటమా?" అని ఒకే ఒక్క మాట అన్నది.

నేను ఏ కంపెనీ పేరూ ఎత్తలేదు. "మామా, పోయిన నెల బండి ఎక్కడెక్కడ తిరిగింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, చెప్పు" అన్నాను. ఆయన జేబు డైరీ తీసిండు. ఇద్దరం కలిసి కాగితం మీద వేశాం. కిందివి గుండు అంకెలు. డీజిల్ లీటరు 95 రూపాయలు అనుకోండి.

హైదరాబాద్ లాంటి దూరం కిరాయి అయితే: రానుపోను 450 కి.మీ., నెలకు 18 ట్రిప్పులు, 8100 కి.మీ. లీటరుకు 4 ఇచ్చే బండికీ 3.5 ఇచ్చే బండికీ తేడా నెలకు సుమారు 290 లీటర్లు. అంటే 27 వేల రూపాయలు. ఇక్కడ ఇంజన్ ఎంపిక, టైర్ల గాలి, డ్రైవర్ పాదం, మూడూ ఈఎంఐ కట్టేంత ముఖ్యమైనవి.

కానీ మామ డైరీలో ఉన్నది అది కాదు. 40 కి.మీ. దూరంలో సిమెంటు ఫ్యాక్టరీ, రోజుకు రెండు ట్రిప్పులు, నెలకు 4000 కి.మీ. లీటరుకు 3.5, 3 మధ్య తేడా వేస్తే నెలకు 190 లీటర్లు, 18 వేలు. ఇక క్యూలో ఇంజన్ నడుస్తూ నిలబడ్డది రోజుకు మూడు గంటలు. ఐడిల్‌లో ఇలాంటి ఇంజన్ గంటకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగుతుంది. 25 రోజులకు 110 నుంచి 150 లీటర్లు. పది వేల నుంచి పద్నాలుగు వేలు, ఒక్క అడుగు కదలకుండా!

మామ ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఏ ఇంజన్ తీస్కోవాలెనో తర్వాత సంగతి, ఉన్న ఇంజన్ బందు చేసుడు ముందు నేర్వాలె అంటవ్" అన్నడు. నాకన్నా ఆయనే బాగా చెప్పిండు.

చివరికి ఆయన తీసుకున్నది 250 హెచ్‌పీ టిప్పర్. చదును రోడ్డు, చిన్న దూరం, తనంతట తాను దించుకునే సౌకర్యం, దగ్గర్లో సర్వీస్ సెంటర్, తక్కువ లోన్. కంపెనీ పేరు ఇక్కడ రాయను. అది ఆయన పనికి సరిపోయింది, మీ వాళ్ల పనికి సరిపోవాలని లేదు. రేపు ఆయనకు హైదరాబాద్ కిరాయి దొరికితే ఈ లెక్క మొత్తం మళ్లీ వేయాలి. అత్తమ్మకు కూడా అదే చెప్పాను. ఇంటి కాగితాలు ఇంకా ఫైనాన్స్ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

అడగాల్సిన ప్రశ్నలు

మిత్రులారా, రేపు మీ ఇంట్లో ఎవరైనా "ఏ ఇంజన్ మంచిది" అని అడిగితే, ముందు మీరే వాళ్లను ఇవి అడగండి.

ఒకటి, సరుకుతో కలిపి ఎన్ని టన్నులు? కాగితం మీద బరువు కాదు, నిజంగా వేసే బరువు.

రెండు, దారిలో అన్నిటికన్నా పెద్ద ఎత్తు ఎంత, ఎంత దూరం? చదును రోడ్డుకు 125 హెచ్‌పీ చాలినప్పుడు, మిగతాదంతా ఆ ఎత్తు కోసమే కొంటున్నాం.

మూడు, లాగుడు ఏ ఆర్పీఎం నుంచి ఏ ఆర్పీఎం దాకా ఉంది? డ్రైవర్ నడిపే 1200–1600 దాని లోపల పడుతుందా?

నాలుగు, రోజుకు ఎన్ని గంటలు కదులుతుంది, ఎన్ని గంటలు నిలబడుతుంది? బీఎస్-6 బండికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

ఐదు, చెడిపోతే ఎంత దూరంలో బాగుచేస్తారు? ఆగిపోయిన బండికి మైలేజీ ఉండదు, ఈఎంఐ మాత్రం ఉంటుంది.

ఈ ఐదింటికీ జవాబులు రాసుకున్నాక బ్రోచర్లు తెరవండి. అప్పటికి ఎంపిక రెండు మూడు బండ్లకు వచ్చేస్తుంది. ఆ తర్వాత కంపెనీ గురించి టీ కొట్టు దగ్గర ఎంతసేపైనా కొట్లాడుకోవచ్చు, నష్టమేం లేదు. థర్మల్ ల్యాబ్‌లో డైనమోమీటర్ ముందు నిలబడి రీడింగులు రాసేటప్పుడు కూడా ఇదొక్కటి గుర్తుంచుకోండి: మనం గీసే ఆ టార్క్ కర్వ్ మీద ఒక్కో చుక్క, ఎక్కడో ఒక డ్రైవర్ గేరు మార్చాలా వద్దా అని ఆలోచించే క్షణం.